ముప్ఫై రెండో గుంజ

మా వాడలో ఇసుక పంచుకునే పద్ధతి ముందు చెప్పాలి. అది చెప్పకపోతే మేము చేసిన తప్పు వట్టి తెలివితక్కువతనంగా కనిపిస్తుంది. తెలివితక్కువతనమే కావచ్చు, కానీ అది మా సొంతం. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు.

మహారాష్ట్ర అంచున, సిరొంచ దగ్గర ప్రాణహిత వానాకాలం పోయాక చిక్కిపోతుంది. దీపావళి వెళ్లాక ఒడ్డు నుంచి నడి ఏరు దాకా ఇసుక తేలుతుంది. ఆ ఇసుకలో గుంతలు తీసి, పెంట ఎరువు వేసి, పుచ్చ, దోస, కాకర పెట్టుకుని మా వాడవాళ్లు ఎండాకాలం దాకా బతికేవారు. సెంటు భూమి లేనివాళ్లకు అదే భూమి. నది ఏటేటా దాన్ని చెరిపేసి కొత్తగా పోస్తుంది కాబట్టి పోయినేడు నీది ఎక్కడ, నాది ఎక్కడ అన్న తగువే ఉండేది కాదు. ఒక రోజు అనుకుని పొద్దున్నే అందరూ తుమ్మ గుంజలు చంకన పెట్టుకుని ఏట్లోకి దిగేవారు. పొయ్యికి, అంటే ఇంటికి, ఒక గుంజ; గుంజకు ఒక చాలు ఇసుక. పాతిన గుంజను పెద్దయ్య చెబితే తప్ప ఎవరూ ముట్టుకోరు.

మగదిక్కు లేని ఆడవాళ్లు మాత్రం గుంజ పాతరు. పాతనివ్వరని కాదు. వాళ్లు పాతితే మిగిలినవాళ్లకు తలవంపు. అందరూ పాతుకున్నాక మా వాడ పెద్దమనిషి, అందరం పెద్దయ్య అని పిలిచే ముసలాయన, భుజాన తాడు వేసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. "ఒక్కడుగు జరుగుండ్రి" అనేవాడు, అంతే. ఒక్కొక్కరి చాలులో ఒక్కో అడుగు తగ్గి, గుంజలన్నీ వరసగా జరుగుతూ పోతే చివరికి ఒక కొత్త చాలు పుట్టేది. మా వాడలో అట్లా మగదిక్కు లేనిది మా మేనత్త ఒక్కతే, ఆ చాలు ఆమెది. అందరి అడుగులూ కలిసిన చాలు కాబట్టి దానికి నీళ్లు పోయడానికి కూడా అందరూ ఒక చెయ్యి వేసేవారు. ఆమె ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాకపోవడమే ఆమె గౌరవం.

మా అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది ఆ అత్తే. కూలికి పోయి, ఇసుకలో దోసకాయలు పండించి, నన్ను మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివించింది. నేను మా వాడలోనే బాల్వాడీ టీచరునయ్యాను. పెళ్లయి బజారు వెనక అద్దె గదిలో అత్తగారి చేతికింద కాపురం చేస్తూ, పొద్దున పూట వాడకు వచ్చి పిల్లలకు పాటలు చెప్పి పోయేదాన్ని. నాకు నోరెక్కువ. "నీ నోటికి తాళమేసెటోడు ఇంకా పుట్టలె" అని మేనత్త మురిసిపోతూ తిట్టేది. అవసరమైన రోజు ఆ నోరు ఏం చేసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎనభైల నడుమ ఒక వానాకాలం ఏరు మా వాడను మొత్తంగా తుడిచేసింది. గోదారి నిండితే ప్రాణహిత ముందుకు పోలేక వెనక్కి తంతుంది, ఆ నీళ్లు ఇళ్లమీద పడతాయి. మనుషులు బతికారు, గోడలు మిగల్లేదు. నీళ్లు తీశాక అందరూ మళ్లీ అక్కడే తడకలు కట్టుకున్నారు. ఆ చలికాలం తాలూకా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఊరికి ఎగువన, రేగుంట రోడ్డు పక్కన మెరక మీద, గరీబోళ్లకు సర్కారు ఇళ్లు కట్టిస్తుందట. అందరూ వచ్చి ఎట్లాంటి ఇళ్లు కావాలో చెప్పాలట.

వచ్చిన ఆఫీసరు మంచివాడు. అది కూడా చెప్పాలి, లేకపోతే కోపం ఎవరిమీదో పెట్టి చేతులు దులుపుకున్నట్టవుతుంది. నడివయసు మనిషి, మరాఠీ తప్ప రాదు, మా వాళ్లకు మరాఠీ సంతలో బేరమాడేంత వచ్చు. అందుకని నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. "ఆఫీసులో కూర్చుని గీసిన ఇళ్లు చాలా చోట్ల చూశాను బాయీ, మనుషులు వాటిలో మేకల్ని కట్టేసి బయట పడుకుంటున్నారు. ఇక్కడ అట్లా కాకూడదు. వాళ్లు చెప్పిందే గీయిస్తాను" అన్నాడు. మా వాడలో ఒక ఆఫీసరు నోట అటువంటి మాట వినడం నాకు అదే మొదలు. నేను గాల్లో తేలిపోయాను.

మెరక మీద చాపలు పరిచి కూర్చున్నారు. ఆడవాళ్లు ముందు తెగించారు.

"వంట బయట చేసుకుంటం, ఇంట్లకు పొగొద్దు."

"మేకలకు జర జాగ ఉండాలె."

"తలుపుకెదురు తలుపు పెట్టొద్దు. పొద్దుగాల లేస్తే ఒకళ్ల మొకం ఒకళ్లు ఏం జూస్తం?"

నేను తెలుగులో విని మరాఠీలో చెప్పాను, ఆయన రాసుకున్నాడు. గంట గడిచేసరికి ఒకరి మీద ఒకరు పడి చెబుతున్నారు. నీళ్లబాయి ఎక్కడ ఉండాలి, మిరపకాయలు ఎక్కడ ఎండేసుకోవాలి, పెండ్లి పందిరి ఎక్కడ వేయాలి. అంతకుముందు వాళ్లను ఎవరైనా ఏదైనా అడిగి ఉంటే కదా. చివరికి కట్టినప్పుడు వీటిలో ఒక్కటే నిజమైంది. తలుపులు ఎదురెదురుగా లేవు.

అత్త చాపల చివర, ఎండలో, ఇత్తడి చెంబు పట్టుకుని కూర్చుంది. ఆఫీసరుకు దాహమైతే ఆమే లేచి నీళ్లు పోసింది. ఆయన దోసిలి పట్టి తాగి, "ఆజీ", అమ్మమ్మా, అని పిలిచి దండం పెట్టాడు. ఆ దండం సంగతి ఆమె తర్వాత చాలా రోజులు అందరికీ చెప్పుకుంది.

ఆయనే అన్నాడు, ఇంటి జాగాలు కూడా మీరే గుర్తు పెట్టుకోండి, ఎవరి పక్కన ఎవరు ఉండాలో మీకే తెలుసు, మేం పంచితే తగాదాలవుతాయి అని. ఎట్లా గుర్తు పెట్టాలి అని పెద్దయ్య అడిగాడు. కట్టె పాతండి అన్నాడు ఆఫీసరు. వాడంతా ఒక్కసారి నవ్వింది. కట్టె పాతడం మాకు ఒకరు నేర్పాలా?

మూడో రోజు పొద్దున గుంజలతో వచ్చారు. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు, ఫోటో తీసేవాడు కూడా వచ్చాడు. పొయ్యికొక గుంజ చొప్పున మెరక మీద పాతుకున్నారు. అన్నదమ్ములు పక్కపక్కన, వియ్యంకులు కొంచెం ఎడంగా, మాటలు లేనివాళ్లు ఈ కొసన ఒకరు ఆ కొసన ఒకరు. కేకలు లేవు, తోపులాట లేదు. సర్వేయరు ఆశ్చర్యపోయాడు. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. నేను ప్రతి గుంజ దగ్గరా నిలబడి పేరు రాసి, వేలిముద్ర వేయించాను. ముప్ఫై ఒక్క గుంజలు, ముప్ఫై ఒక్క పేర్లు. కొట్టివేత లేదు, దిద్దుడు లేదు. నా జీవితంలో అంత శుభ్రమైన కాగితం మరొకటి రాయలేదు.

చివరన నేను మరాఠీలో ఒక వాక్యం రాయాలి. ఈ లిస్టును తెలుగులో అందరికీ చదివి వినిపించాను, ఎవరికీ అభ్యంతరం లేదు, అని. దాని కింద నా సంతకం. సంతకానికి ముందు ఆఫీసరు అడిగాడు, "కోణీ రాహిలం కా?" ఎవరైనా మిగిలిపోయారా?

నేను తెలుగులో గట్టిగా అడిగాను. ఎవరూ పలకలేదు. పెద్దయ్య భుజం మీద తాడు ఉంది. అత్త నాకు ఎదురుగా కూర్చుని తంబాకు నలుపుకుంటోంది. నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థమైంది, వాడలో అందరికీ అర్థమైంది. బయటివాళ్లు పోనీ, తర్వాత అందరూ ఒక్కడుగు జరుగుతారు, చివరన నాది పుడుతుంది, దానికి ఇప్పుడు ఈ సాహెబు ముందు అడుక్కోవడం ఎందుకు, అని. నేను ఆమె పేరెత్తితే వాడ పరువు తీసినట్టు. పైగా కలం చేతిలో ఉందని సొంత మనిషిని ఎక్కించుకుందని అంటారు. ఇవన్నీ నా తలలో ఒక్క క్షణంలో తిరిగాయి. వీటికి తోడు ఇంకొకటి ఉంది, దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. కాగితం అంత అందంగా కుదిరింది. దాని కింద ఇంకో పేరు ఇరికించబుద్ధి కాలేదు.

"కోణీ నాహీ, సాహెబ్" అన్నాను. ఎవరూ లేరు సాహెబ్.

వాళ్ల జీపు కదిలి పోయాక పెద్దయ్య లేచాడు. "ఒక్కడుగు జరుగుండ్రి" అన్నాడు. గుంజలు పీకి, కొలిచి, మళ్లీ పాతారు. ఇసుక కాదు కదా, మొరం నేల, పలుగుతో పొడవాల్సి వచ్చింది. పొద్దు వాలే వేళకు వరస చివర ఒక ఇంటి జాగా పుట్టింది. అత్త మూడు రాళ్లు తెచ్చి అక్కడ పొయ్యి పెట్టి, చాయ్ కాచి అందరికీ పోసింది. పెద్దయ్య కోడలు, నోటి దురుసు మనిషి, "అత్తా, నీ ఇల్లే అన్నిట్లకెల్లి పెద్దగైంది, మాకు కిరాయికియ్యి" అని ఏడిపించింది. అత్త పకపకా నవ్వింది. ఆ సాయంత్రం ఆమె ఉన్నంత సంతోషంగా నేను ఆమెను మళ్లీ చూడలేదు.

పదిహేను రోజులకు సర్వేయరు నక్షా పట్టుకుని సున్నపు గీతలు వేయడానికి వచ్చాడు. గుంజలు నక్షాతో కలవలేదు. "ఎవరు పీకారు? సర్కారీ నిశానీ ముట్టుకుంటే కేసవుతుంది తెలుసా?" అని కేకలు వేశాడు. మా వాళ్లకు ఆ కోపం అర్థం కాలేదు. నేను బాల్వాడీ వదిలేసి పరుగెత్తుకొచ్చి ఇసుక సంగతి, తాడు సంగతి, అడుగు సంగతి మొదటి నుంచి చెప్పాను. అతను ఓపిగ్గానే విన్నాడు. "బాయీ, నాకు అర్థమైంది. కానీ నక్షాలో ముప్ఫై ఒకటి ఉన్నాయి. లిస్టు జిల్లా ఆఫీసుకు, గడ్చిరోలికి పోయింది. కింద నీ సంతకమే ఉంది" అన్నాడు. తర్వాత కూలీల చేత గుంజలన్నీ పీకించి పాత గుంతల్లో పాతించాడు. అత్త పొయ్యి రాళ్ల మీదుగా సున్నం గీత పోయింది. అది మురుగునీరు పోయే మోరీకి వదిలిన జాగా అట.

మా ఆఫీసరును కలుద్దామని పోతే బదిలీ అయి పోయాడని చెప్పారు. ఇక మిగిలింది గడ్చిరోలి. కొత్తగా జిల్లా అయిన ఊరు, కొత్త ఆఫీసులు. ఫాల్గుణ మాసంలో ఒక రోజు అత్తను వెంటబెట్టుకుని బస్సెక్కాను. ఆలాపల్లి అడవిలో బస్సు ఒకసారి ఆగిపోయింది, సాయంత్రానికి చేరాం. అత్త ఒళ్లో ఆ ఏటి మొదటి కాపు పుచ్చకాయ, కొంగు చుట్టి పెట్టుకుంది. తన చివరి చాలులో కాసింది. "అందరి అడుగుల కాయ, సాహెబుకు ఇద్దాం" అంది. నేను వద్దనలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. అక్కడి సాహెబు నా అర్జీ చదివి, ఫైలు తెప్పించి, ఫోటో తీసి చూపించాడు. మెరక మీద గుంజలు, వాటి పక్కన నవ్వుతున్న మా మనుషులు. ఒక మూల చెంబు పట్టుకుని అత్త.

"మొత్తం జిల్లాలో జనాన్ని అడిగి వేసిన నక్షా ఇదొక్కటే. అందరికీ ఇదే చూపిస్తున్నాం" అన్నాడు. "జనమే గుర్తు పెట్టుకున్నారు, జనమే ఒప్పుకున్నారు. ఇప్పుడు మీరొచ్చి తప్పంటే ఎట్లా? మీరే కదా చదివి వినిపించింది?"

నేనే. ఎవరినీ అడగకుండా గీసిన నక్షా అయితే తప్పు వాళ్లదని కొట్లాడేదాన్ని. ఊరి లెక్కలు రాసే తలాఠీ వచ్చి తడకలు లెక్కపెట్టి లిస్టు రాసుకుంటే అత్త తడక కూడా అందులో పడేది. మమ్మల్ని అడిగారు కాబట్టే ఆమె పేరు జారిపోయింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గోడకేసి తల బాదుకోవాలనిపిస్తుంది.

పుచ్చకాయను సాహెబు ముట్టలేదు, లంచమంటారని భయపడ్డాడు. బయట ప్యూను తీసుకున్నాడు. తిరుగు బస్సులో అత్త ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. "పరేషాన్ గాకు బిడ్డా, ఇండ్లు లేసినంక అందరు జరుగుతరు" అంది. ఆ నమ్మకాన్ని నేను భరించలేకపోయాను. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఏడాదికి పైగా కట్టారు. ఇళ్లు మంచివే, ఆ మాట అనకపోతే పాపం. ఇటుక గోడలు, పెంకుల కప్పు, వరదకు అందని ఎత్తు. ఒక్కటే గది, ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. వానలకు ముందే అందరూ మారిపోవాలని నోటీసు వచ్చింది. మారే ముందు రోజు పెద్దయ్య అందరినీ కొత్త ఇళ్ల ముందు కూర్చోబెట్టాడు. భుజాన తాడు వేసుకునే వచ్చాడు. అత్త కోసం ఏం చేద్దామో చెప్పండి అన్నాడు.

అందరి కళ్లూ నేల మీదే ఉన్నాయి. చివరికి ఆయన సొంత తమ్ముడి కొడుకే మెల్లగా అన్నాడు. "పెద్దయ్యా, గుంజైతే జరుపుదుము. గోడ ఎట్ల జరుగుతది?"

అతను చెడ్డవాడు కాదు. ఆరుగురు పిల్లలు, ముసలి తల్లి, ఆ ఒక్క గది. నిజమే చెప్పాడు. పెద్దయ్య భుజం మీది తాడు తీసి చేతికి చుట్టుకుంటూ ఉండిపోయాడు. ఎవరూ ఇవ్వననలేదు. ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఒక్క అడుగు లేదు, అంతే. మగవాళ్లు కలిసి వరస చివర మోరీ జాగాలో ఒక తడక కట్టారు. వారం తిరక్కుండానే ఆఫీసు మనుషులొచ్చి పీకేసి పోయారు.

నా దగ్గరికి రమ్మని కాళ్లావేళ్లా పడ్డాను. "ఆడపిల్ల అత్తగారింట్ల కూర్సొని తింటనా? ఏం మాటలే ఇవి?" అని కసిరింది. నిజానికి మా అత్తగారు రానిచ్చేది కూడా కాదు, ఆ సంగతి మేనత్తకు తెలుసు. నేను సిగ్గుపడకుండా ఉండాలనే తనే వద్దంది. వాడ వాడంతా మెరక ఎక్కింది. ఏటి ఒడ్డున ఆమె తడక ఒక్కటే మిగిలింది. బాల్వాడీ కూడా పైకి మారింది కాబట్టి నేనూ రోజూ ఆ దారిన పోవడం మానేశాను.

ఆ వానాకాలం నీళ్లు ఆమె గడప దాకా వచ్చాయి. ఒక మధ్యాహ్నం మూట నెత్తిన పెట్టుకుని వచ్చి బాల్వాడీ వరండాలో కూర్చుంది. పదకొండు రోజులుంది. పిలవలేదంటే అబద్ధం, అందరూ పిలిచారు, ఇంటికొక పూట అన్నం తెచ్చిపెట్టారు. కానీ గిన్నె పెట్టి ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవారు. పాత వాడలో తలుపులే ఉండేవి కాదు. ఆమె వరండాలో ఒంటరిగా తింటుంటే నేను లోపల పిల్లలకు పాట చెప్పేదాన్ని. పన్నెండో రోజు నీళ్లు తీశాయని విని మూట కట్టుకుని దిగిపోయింది.

దీపావళి వెళ్లింది, ఇసుక తేలింది. గుంజల రోజు నేను కూడా వెళ్లాను, ఎందుకో ఉండబట్టలేదు. మెరక మీద నుంచి అందరూ గుంజలతో దిగుతున్నారు. మేము చేరేసరికి అత్త అప్పటికే ఇసుకలో ఉంది. ఆమె ముందు ఒక గుంజ నిటారుగా పాతి ఉంది. కొత్త తుమ్మ గుంజ, బెరడు కూడా తీయలేదు. రాయితో గుంజను కొట్టిన చెయ్యి చీరుకుపోయి రక్తపు గీత పడింది.

అందరూ ఉన్నచోటే ఆగిపోయారు. నోటి దురుసు కోడలు ముందుకొచ్చింది. "గిదేంది అత్తా? నువ్వు గుంజ పాతుడేంది? మేం సచ్చిపోయినమా?"

"మీరెందుకు సస్తరు బిడ్డా" అంది అత్త. కోపం లేదు ఆ గొంతులో. "మీరు లిస్టుల ఉన్నరు. నేను లేను. గుంజ లేనోళ్లు లిస్టుల ఉండరని నాకు తెల్వకపాయె."

ఒకరి తర్వాత ఒకరు ఆమె గుంజను తప్పించి తమ గుంజలు పాతుకున్నారు. పెద్దయ్య తాడును ఇసుకలో పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు ఆయన "ఒక్కడుగు జరుగుండ్రి" అనలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.

నేను దూరంగా నిలబడి ఉన్నాను. అత్త కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నన్ను చూసింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? రాసుకో. ఈసారన్న నన్ను రాసుకో."

నా చేతిలో కాగితం లేదు. ఉన్నా, ఆ పేరు రాసి ఎక్కడికి పంపాలో నాకు తెలియదు.